నలుగురు కూడి చేసే సాధన

(ప్రసంగ పాఠం)

"అభ్యాసం కూసు విద్య" అని మన పెద్దలు ఊరక అనలేదు. ఏ విద్య అయినా పుస్తకంలో ఉన్నంతవరకు అది పుస్తకానిదే. చేతికి వచ్చినప్పుడే అది మనదవుతుంది. ఈ మాట సంగీతం విషయంలో చెబితే కాదనేవారు ఉండరు. వీణ నేర్చుకొనే పిల్ల సరళీ స్వరాలు ఎన్ని వందల మారులు వాయిస్తుందో ఆ ఇంటివారికే కాదు, ఇరుగు పొరుగువారికి కూడా తెలుసు. అంత మాత్రాన "ఈ వృథాప్రయాస ఎందుకు, కచేరీ ఎప్పుడు?" అని ఎవరూ నిలదీయరు. సాధన వేరు, కచేరీ వేరు అని అందరూ ఎరుగుదురు.

మల్లులకు తాలింఖానా ఉన్నది. నటులకు పూర్వాభినయం ఉన్నది. రేడియోలో అరగంట సేపు వినిపించే నాటకానికి వెనుక ఎంత కసరత్తు జరుగుతుందో, ఎర్రదీపం వెలగకముందే ఎన్ని పొరపాట్లు సరిదిద్దబడతవో శ్రోతలకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. తప్పు చేయడానికి ఒక చోటు, తప్పు చేయకూడని చోటు మరొకటి అని వేరు చేసుకొన్న ఏ కళ అయినా వృద్ధికి వచ్చినది.

కాని ఈనాడు మన ఇండ్లలో ఎందరో యువతీ యువకులు నేర్చుకొంటున్న ఒక విద్యకు మాత్రం ఇట్టి సాధనాస్థలం సామాన్యంగా కనిపించదు. ఆ విద్య కంప్యూటరుకు ప్రోగ్రాం వ్రాయడం. ఈ విద్యను నలుగురూ ఒకచోట కూడి ఎట్లా సాధన చేయవచ్చునో, అట్టి కూటాన్ని ఒక ఊరిలో ఎట్లా నెలకొల్పవచ్చునో మనవి చేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా, ప్రోగ్రాం అంటే ఏమిటో తెలియని పెద్దల కోసం ఒక్కమాట. కంప్యూటరు అత్యంత వేగంగా పనిచేసే యంత్రం. కాని దానికి మన మనస్సులోని మాటను గ్రహించే శక్తి లేదు. మనిషితో "బజారుకు పోయి కూరలు తీసుకొని రా" అంటే చాలు. ఏ దుకాణానికి పోవలె, వంకాయలు పుచ్చి ఉంటే మారుగా ఏమి తేవలె, చిల్లర లేకపోతే ఏమి చేయవలె అన్నవి ఆ మనిషే ఊహించుకొంటాడు. యంత్రానికి అన్నీ ముందుగానే, ఏ సందర్భమూ విడువకుండా, ఒక వరుసలో చెప్పవలె. ఆ ఆజ్ఞల వరుసే ప్రోగ్రాం. బ్యాంకులో మన ఖాతా లెక్క మొదలుకొని రైలు టిక్కెట్టు వరకు ఈనాడు అన్నీ ఇట్టి ఆజ్ఞల మీదనే నడుస్తున్నవి. ఆజ్ఞలో ఒక సందర్భం మరచిపోతే యంత్రం నిస్సంకోచంగా తప్పు చేస్తుంది. తప్పు చేసినానని దానికి తెలియను కూడా తెలియదు.

ఈ విద్యను మన పిల్లలు ఎట్లా నేర్చుకొంటున్నారు? కళాశాలలో పాఠం వింటారు. ప్రయోగశాలలో వారానికి ఒకటి రెండు పూటలు కూర్చొంటారు. చాలామంది రికార్డు పుస్తకంలోనికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామును చక్కని దస్తూరితో ఎక్కించి సంతకం చేయించుకొంటారు. పరీక్ష అవుతుంది, పట్టా వస్తుంది. ఆ తరువాత ఉద్యోగం దొరికితే, అక్కడ ప్రతి పనికీ గడువు ఉంటుంది. తప్పుకు మూల్యం ఉంటుంది. చదువుకూ కొలువుకూ నడుమ సాధన చేసుకొనే చోటు ఏది? ఇంటిలో ఒంటరిగా కూర్చొని చేయవచ్చును గదా అంటారా? చేయవలసినదే. ఒంటరి సాధనకు మరొకటి సాటి రాదు. కాని ఒంటరిగా ఉన్నవాడు తన తప్పును తానే చూడవలె. తాను ఎరిగిన దారినే మళ్లీ మళ్లీ తొక్కుతాడు. పక్కవాడు అదే చిక్కును ఎట్లా విప్పుతాడో చూచే అవకాశం అతనికి లేదు.

ఈ లోటును ఇతర దేశాలలో గుర్తించినవారు కొందరున్నారు. 1999 లో "ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్" అనే గ్రంథాన్ని ఆండీ హంట్ తో కలిసి వ్రాసిన డేవ్ థామస్, ప్రోగ్రాం వ్రాసేవారికి కూడా సంగీత విద్వాంసులకు వలె నిత్య సాధన ఉండవలెనని చెప్పి, చిన్న చిన్న సమస్యలను కూర్చి వాటికి "కటా" అని పేరు పెట్టినారు. కటా అన్నది జపాను యుద్ధవిద్యలోని మాట. ఒక వరుసలో కూర్చిన కదలికలను శరీరానికి పట్టుబడే వరకు తిరిగి తిరిగి చేయడమే కటా. ఈ ఆలోచనను ప్యారిస్ నగరంలో లోరాన్ బొస్సావి, ఎమ్మాన్యుయెల్ గాయో అనే ఇద్దరు మరి ఒక అడుగు ముందుకు తీసుకొని వెళ్లినారు. సాధన అనేది ఉంటే సాధనాస్థలం కూడా ఉండవలె గదా అని, కొద్దిమంది మిత్రులతో నియమంగా కలుసుకొనే కూటాన్ని ఏర్పరచినారు. దానికి "డోజో" అని పేరు. జపాను దేశంలో మల్లులు అభ్యాసం చేసే చోటును డోజో అంటారు. మన తాలింఖానాకు అది సరియైన పర్యాయం. 2005 లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో జరిగిన ఒక సదస్సులో వారు ఈ పద్ధతిని వివరించినారు. అక్కడినుంచి అది అనేక దేశాలకు వ్యాపించినది.

ఆ కూటం నడిచే తీరు ఇది. గదిలో ఒకే కంప్యూటరు ఉంటుంది. దాని తెరమీది వ్రాత అందరికీ కనబడేటట్లు గోడమీద ప్రొజెక్టరుతో పెద్దదిగా చూపుతారు. కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చొంటారు. ఒకరు కీబోర్డు మీద వ్రాస్తారు. రెండవవారు పక్కన ఉండి దారి చెబుతారు. తక్కినవారు సభ. అయిదు లేక ఏడు నిమిషాలకు గడియారం మ్రోగుతుంది. వ్రాస్తున్నవారు లేచి సభలోనికి వెళ్లవలె. దారి చెప్పినవారు కీబోర్డు దగ్గరకు జరుగవలె. సభలోనుంచి మరొకరు వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవలె. వాక్యం సగంలో ఆగినా సరే, గంట మ్రోగితే లేవవలసినదే. ఈ విధంగా ఒకే ప్రోగ్రాం అందరి చేతులమీదుగా నడుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. లీపు సంవత్సరం సంగతి ఇంటింటా తెలిసినదే. ఒక సంవత్సరం చెబితే అది లీపు సంవత్సరమో కాదో యంత్రం చెప్పవలె. ఇదీ ఆనాటి సమస్య అనుకొందాము. ఈ కూటాలలో నియమం ఏమంటే, ప్రోగ్రాం కంటె ముందు పరీక్ష వ్రాయవలె. మొదటి జంట "2023 లీపు సంవత్సరం కాదు" అని ఒక పరీక్ష వ్రాస్తుంది. దానికి సరిపోయే అతి చిన్న ప్రోగ్రాం ఏది? ఏ సంవత్సరం అడిగినా "కాదు" అని చెప్పేది. అంతే వ్రాస్తారు. సభలో నవ్వులు వినబడతవి. కాని పరీక్ష నెగ్గినది. తరువాతి వారు "2024 లీపు సంవత్సరం అవును" అని రెండవ పరీక్ష పెడతారు. ఇప్పుడు "కాదు" అన్న ప్రోగ్రాం ఓడిపోతుంది. కాబట్టి నాలుగుతో భాగించి శేషం లేకపోతే "అవును" అనవలెనని దిద్దుతారు. మూడవవారు "1900 లీపు సంవత్సరం కాదు" అంటారు. నాలుగుతో నిశ్శేషంగా పోయినా అది లీపు సంవత్సరం కాదు. శతాబ్ది సంవత్సరాలకు మినహాయింపు ఉన్నది. మళ్లీ దిద్దుతారు. నాలుగవవారు "2000 లీపు సంవత్సరం అవును" అంటారు. విచిత్రమేమంటే, రెండవ దశలోని ప్రోగ్రామును అడిగి ఉంటే అది 2000 కు సరియైన జవాబే చెప్పి ఉండేది. మూడవ దశలో చేసిన దిద్దుబాటు దానిని చెరచినది. నాలుగు వందలతో నిశ్శేషంగా పోయే శతాబ్ది సంవత్సరం మాత్రం లీపు సంవత్సరమే అన్న ఆఖరి నియమం చేరితే గాని పని పూర్తి కాదు. ఒక తప్పును దిద్దబోయి మరొక తప్పును తెచ్చుకొనడం ఎంత సులభమో, వెనుకటి పరీక్షలన్నీ ప్రతిమారూ తిరిగి నడపడం ఎంత అవసరమో ఈ చిన్న లెక్క కళ్లకు కట్టినట్లు చూపుతుంది.

ఇది పిల్లల ఆట అని తోసిపుచ్చకండి. లోటస్ 1-2-3 అనే ప్రసిద్ధమైన లెక్కల ప్రోగ్రాం 1983 లో వెలువడినప్పుడు అందులో 1900 వ సంవత్సరాన్ని లీపు సంవత్సరంగా లెక్కగట్టినారు. దాని తరువాత వచ్చిన ఎక్సెల్, పాత లెక్కలతో పొత్తు కుదరవలెనన్న ఉద్దేశంతో, ఆ పొరపాటును తెలిసే నిలుపుకొన్నది. ఎన్నడూ రాని 1900 ఫిబ్రవరి 29 వ తేదీ నేటికీ ఆ లెక్కలలో ఉన్నది. ఒకమారు లోకంలోనికి వెళ్లిన తప్పును వెనుకకు తీసుకొనడం ఇంత కష్టం. సాధన గదిలో అదే తప్పు ఏడు నిమిషాలలో దిద్దబడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇట్టి కూటం నిలిచేదీ కూలేదీ సమస్యలను బట్టి కాదు, సామగ్రిని బట్టి కాదు. అందరికంటె తక్కువ తెలిసిన మనిషి ఆ కీబోర్డు ముందు ఎంత నిర్భయంగా కూర్చోగలుగుతున్నాడు అన్నదానిని బట్టి. మన పిల్లలకు తెలియక కాదు, తెలియదని నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయంతో నోరు మెదపరు. తరగతిలో ప్రశ్న అడగరు. ఉద్యోగంలో అసలే అడగరు. ఆ భయం పెరిగి పెరిగి, ఒకనాడు ఈ విద్య నాకు అబ్బదు అనే నిరాశగా మారుతుంది. అమెరికాలో జెరాల్డ్ వైన్‌బర్గ్ అనే ఆయన 1971 లోనే, ప్రోగ్రాం వ్రాసేవారి మనస్తత్వాన్ని గురించిన తన గ్రంథంలో ఈ రోగమూలాన్ని పట్టుకొన్నారు. మనిషి తాను వ్రాసినదానిని తనలో ఒక భాగంగా భావించుకొంటాడు. కాబట్టి ప్రోగ్రాంలో తప్పు చూపితే తననే తప్పుపట్టినట్లు బాధపడతాడు. బాధపడతాడు కాబట్టి తప్పును చూడడానికే ఇష్టపడడు అని వారి అభిప్రాయం. దీనికి విరుగుడుగా ఆయన సూచించినది అహంకారం లేని రచన: నీ ప్రోగ్రాం నీది కాదు, అందరిదీ అనుకొని పదిమందికీ చూపడం.

డోజోలోని నియమాలన్నీ ఈ ఉద్దేశంతో పుట్టినవే. ప్రోగ్రాం అందరి చేతులమీదుగా నడుస్తుంది గనుక తప్పు ఎవరిదని వేలెత్తి చూపడానికి వీలులేదు. మరొక నియమం చూడండి. పరీక్ష ఓడిపోయి ఉన్నంతసేపు తెరమీద ఎరుపు గుర్తు కనబడుతుంది. ఆ సమయంలో కంప్యూటరు ముందున్న ఇద్దరు తప్ప సభలోనివారు సలహాలు చెప్పకూడదు. పరీక్ష నెగ్గి ఆకుపచ్చ గుర్తు కనబడినప్పుడు అందరూ మాట్లాడవచ్చును. మా స్టూడియోలో ఎర్రదీపం వెలిగితే నిశ్శబ్దం పాటించవలెనన్న నియమం వంటిదే ఇదీ. దీనివల్ల రెండు ప్రయోజనాలున్నవి. తడబడుతున్నవారికి ఆలోచించుకొనే వ్యవధి దొరుకుతుంది. బాగా తెలిసినవారికి నోరు కట్టుకొనే సాధన జరుగుతుంది. ఈ రెండవ సాధన మొదటిదానికంటె కష్టమైనది. పక్కవాడు తప్పుదారి పట్టినాడని తెలిసి కూడా, అతడు తనంతట తాను మలుపు కనుగొనే వరకు ఓర్చుకొని కూర్చోవడం అందరికీ చేతగాదు. చేతనైనవారే మంచి ఉపాధ్యాయులు అవుతారు.

వినోదంగా ఉండే మరొక పద్ధతి కూడా ఉన్నది. దాని పేరు కోడ్ రిట్రీట్. 2009 జనవరి 24 న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఊరిలో ఇది మొదటిసారి జరిగినది. దీనిని దేశదేశాల వ్యాపింపజేసినవారిలో కోరీ హేన్స్ ముఖ్యులు. 2011 డిసెంబరులో ప్రపంచంలోని అనేక నగరాలలో దీనిని ఒకే దినాన జరిపినారు. ఇందులో ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒకే సమస్యను తీసుకొంటారు. ఇద్దరిద్దరుగా కూర్చొని 45 నిమిషాలు వ్రాస్తారు. గంట మ్రోగగానే వ్రాసినదంతా తుడిచివేస్తారు! జంటలు మారుస్తారు, మళ్లీ మొదటినుంచి ప్రారంభిస్తారు. ఇట్లా దినానికి అయిదారు మారులు.

సాధారణంగా తీసుకొనే సమస్య, కేంబ్రిడ్జి గణితవేత్త జాన్ కాన్వే కల్పించిన "జీవన క్రీడ". 1970 అక్టోబరులో మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రికా శీర్షిక ద్వారా దానిని లోకానికి పరిచయం చేసినారు. చదరంగపు బల్ల వంటి గళ్లు ఊహించుకోండి. ప్రతి గడికి చుట్టూ ఎనిమిది గళ్లు ఉంటవి. కొన్ని గళ్లలో జీవం ఉన్నది, కొన్నింటిలో లేదు. జీవమున్న గడికి జీవమున్న పొరుగువారు ఇద్దరో ముగ్గురో ఉంటే అది బ్రతుకుతుంది. అంతకు తగ్గితే ఒంటరితనంతోను, మించితే ఇరుకుతోను నశిస్తుంది. జీవం లేని గడికి సరిగా ముగ్గురు పొరుగువారుంటే అందులో జీవం పుడుతుంది. నియమాలు ఇంతే, కాని వీటినుంచి పుట్టే చిత్రవిచిత్రమైన ఆకృతులకు అంతం లేదు.

45 నిమిషాలలో ఈ సమస్య సాధారణంగా పూర్తి కాదు. పూర్తి కాకూడదనే దానిని ఎన్నుకొన్నారు. పూర్తి చేయవలెనన్న తొందర ఉన్నంతకాలం మనిషి తనకు తెలిసిన దారినే పోతాడు. ఎట్లాగూ తుడిచివేస్తామని ముందే తెలిస్తే కొత్త దారి తొక్కడానికి ధైర్యం వస్తుంది. సంక్రాంతి ముగ్గు మరునాటికి చెరిగిపోతుందని తెలిసే గదా మన ఆడపడుచులు ప్రతి ఉదయం కొత్త చుక్కలు పెడుతున్నారు! చెరిగిపోయినది ముగ్గే గాని, చేతికి వచ్చిన ఒడుపు చెరగదు.

మన ఊరిలో ఇట్టి కూటాన్ని పెట్టవలెనంటే ఏమేమి కావలె? మొదట చోటు. దీనికి భవంతులు అవసరం లేదు. 1975 మార్చి 5 న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కు అనే ఊరిలో, గార్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి కారుషెడ్డులో ముప్ఫయి మంది వరకు ఔత్సాహికులు చేరినారు. హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బుకు అదే తొలి సమావేశం. తరువాతి కాలంలో ఆపిల్ కంప్యూటరును నిర్మించిన స్టీవ్ వోజ్నియాక్ ఆ నాటి సభలో ఒకరు. మన దేశంలో సభ కూడడానికి స్థలం వెదుక్కొనవలసిన పని అంతకంటె తక్కువ. 1901 లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించిననాడు, 1914 లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు మహాసభ జరుపుకొన్ననాడు, మన పెద్దలు గ్రంథాలయాన్ని కేవలం పుస్తకాల కొట్టుగా భావించలేదు. పదిమంది కూడి జ్ఞానాన్ని పంచుకొనే చోటుగా భావించినారు. గ్రంథాలయంలో ఒక గది, బడిలో ఆదివారం ఖాళీగా ఉండే తరగతి, ఎవరి ఇంటిలోనైనా ముందుగది, ఏదైనా చాలును.

రెండవది కాలం. నెలకు రెండుమార్లు, ఒకే వారం, ఒకే వేళ అని నిర్ణయించుకోవలె. తేదీలు మారుతూ ఉంటే వచ్చేవారు క్రమంగా జారిపోతారు. రెండు గంటలు చాలును. అందులో మొదటి పావుగంట సమస్యను వివరించుకొనడానికి, చివరి పావుగంట ముగింపు మాటలకు విడిచిపెడితే, సాధనకు 90 నిమిషాలు మిగులుతవి. ఏడు నిమిషాలకు ఒకమారు కుర్చీ మారితే 12 వంతులు వస్తవి. కాబట్టి పన్నెండు మంది వరకు అయితే ప్రతి ఒక్కరికీ కీబోర్డు అందుతుంది. అంతకు మించితే రెండు జట్లుగా విడిపోవడం మేలు. ముగ్గురే వచ్చినా కూటాన్ని వాయిదా వేయకూడదు. ఇద్దరు వ్రాయగా ఒకరు చూడవచ్చును. ఆ ముగ్గురికీ ఆనాడు దక్కే సాధన పన్నెండు మందికి దక్కేదానికంటె ఎక్కువ.

మూడవది ఏర్పాట్లు. ఒక ల్యాప్‌టాపు, ఒక ప్రొజెక్టరు లేక పెద్ద టెలివిజను, ఒక గడియారం. కావలసిన సాఫ్ట్‌వేరును ముందునాడే ఎక్కించి సరిచూచుకోవలె. లేకపోతే సగం సమయం దానితోనే పోతుంది. కరెంటు పోతే ఏమి చేయవలెనో కూడా ఆలోచించి ఉంచుకోవలె. ఇంటర్నెట్టు ఉన్నా లేకపోయినా ఈ సాధనకు లోటు రాదు. రుసుము వసూలు చేయవద్దు. కోచింగు సంస్థల ప్రచారానికి, ఉద్యోగాల ఎరకు, అనుభవజ్ఞుల ఉపన్యాసాలకు తావు ఇవ్వవద్దు. ఉపన్యాసం వినడం సుఖంగా ఉంటుంది. అందుకే అది సాధనను మింగివేస్తుంది. ఉపన్యాసకుడినైన నేనే ఈ మాట అంటున్నాను గనుక నమ్మవచ్చును.

నాలుగవది అతి ముఖ్యమైనది. ఆడపిల్లలు నిస్సంకోచంగా రాగలిగితేనే అది ఊరి కూటమవుతుంది. చీకటి పడకముందే ముగిసే వేళ, బస్సు దిగి నడవగలిగిన చోటు, మొదటి కూటం నుంచే నిర్వాహకులలో ఒకరిద్దరు స్త్రీలు, ఇవి చిన్న విషయాలుగా కనబడవచ్చును. కాని ఇవి లేకపోవడం వలననే తెలివైన పిల్లలు ఎందరో ఇంటివద్ద ఆగిపోతున్నారు. శ్రోతలలోని తల్లిదండ్రులకు నా మనవి ఏమంటే, మీ అమ్మాయి వెళ్లే చోటు ఎట్టిదో అన్న చింత మీకు ఉంటే, ఒక ఆదివారం ఆ కూటాన్ని మీ ముందుగదిలోనే జరపమని చెప్పండి. పదిమందికి కాఫీ ఇచ్చే శ్రమ తప్ప మరొక నష్టం లేదు.

అయిదవది భాష. ప్రోగ్రాంలోని మాటలు ఆంగ్లంలో ఉండవచ్చును; ఆలోచన ఆంగ్లంలో సాగవలెనన్న నియమం లేదు. "ఇక్కడ ఈ లెక్క ఎందుకు తప్పుతున్నది?" అని తెలుగులో అడిగితే ఆ ప్రశ్న విలువ తగ్గదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లవాడు ఆంగ్లానికి జంకి మూలను కూర్చోవడం మనకు తెలియనిది కాదు. హైదరాబాదులో "స్వేచ్ఛ" వంటి స్వతంత్ర సాఫ్ట్‌వేరు సంస్థ కంప్యూటరును నడిపే వ్యవస్థనే తెలుగులో సిద్ధపరచగలిగినప్పుడు, దానిని గురించి మాట్లాడుకొనడానికి మన భాష చాలదా?

ఇక ముగింపు మాటలు. ప్రతి కూటం చివర ఒక్కొక్కరూ రెండు సంగతులు చెప్పవలె: ఈ పూట ఏమి నేర్చుకొన్నాను, నాకు ఏది అడ్డు వచ్చినది. ఈ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబులను నిర్వాహకులు శ్రద్ధగా వినవలె. "నాకు వంతు రాలేదు", "వేగంగా పోయినారు", "ఒకరే మాట్లాడినారు", ఇట్టి మాటలు వినబడితే తరువాతి కూటంలో మొదట దిద్దవలసినవి అవే. ఆ మాటలు చెప్పే చనువు అందరికీ ఉన్నదంటే ఆ కూటం ఆరోగ్యంగా ఉన్నదన్నమాట. ఏడాది గడిచేసరికి, తొలినాడు మూలను కూర్చొన్నవారే కూటం నడుపుతూ ఉండవలె. స్థాపించినవారు ఒకనాడు రాకపోయినా అది ఆగకూడదు.

ఒక సందేహం మిగిలి ఉన్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, అడిగితే ప్రోగ్రామును వ్రాసి ఇచ్చే యంత్రాలు సామాన్యుల చేతికి వచ్చినవి. ఇంకా మన పిల్లలు చేతితో వ్రాసి సాధన చేయడం ఎందుకు అని కొందరు అడుగుతున్నారు. సందేహం సహజమైనదే. కాని యంత్రం వ్రాసి ఇచ్చినది సరియైనదో కాదో తేల్చవలసినవారు ఎవరు? 1900 వ సంవత్సరాన్ని గురించి అడగవలెనని తోచేది ఎవరికి? పరీక్ష పెట్టడం తెలిసినవారికే. ఇతరులు వ్రాసినదానిని చదివి, అందులోని లోపాన్ని కనిపెట్టి, వారి మనస్సు నొప్పించకుండా చెప్పి, అందరూ కలిసి దిద్దుకొనడం ఆ కూటంలో జరిగే పని. యంత్రాలు ఎంత వ్రాస్తే ఈ నేర్పుకు అంత గిరాకీ పెరుగుతుందే గాని తరగదు.

పూర్వం మన ఊళ్లలో భజనగోష్ఠి ఉండేది. అందులో గాత్రం బాగున్నవారూ ఉండేవారు, తాళం తప్పేవారూ ఉండేవారు. తాళం తప్పినవారిని ఎవరూ బయటికి పంపలేదు. పక్కవారి చేతిని చూచి వారే సరిదిద్దుకొనేవారు. కొన్ని మాసాలకు తాళం నిలిచేది. కొత్త విద్యకు కూడా అట్టి గోష్ఠి ఒకటి కావలె. వచ్చే ఆదివారం మీ వీధిలో నలుగురు పిల్లలు ఒక కంప్యూటరు చుట్టూ చేరితే, వారిలో అందరికంటె బెరుకుగా ఉన్నవారికి మొదటి కుర్చీ ఇవ్వమని చెప్పండి.